నమూనా ఇంటి అత్తగారు

ఆ బిల్డింగులో ఆమెను అందరూ "నమూనా" అనే పిలిచేవారు. మొదట్లో చాటుగా, తర్వాత్తర్వాత మొహం మీదే. "ఏం నమూనా, మీ ఇంట్లో నీళ్ళొస్తున్నాయా?" అంటే ఆమె కూడా ఇంట్లో పెట్టిన పేరు పెట్టి పిలిచినట్టే పలికేది. ఆ పేరు పెట్టింది పక్కింటి టైలరు భార్య. "నమూనా ఇంట్లో పాలు పొంగాలన్నా ఆఫీసు వాళ్ళ పర్మిషన్ కావాలి" అని ఆవిడ అంటే కారిడారు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నవ్వేవారు.

సంగతేమిటంటే, హౌసింగ్ ఆఫీసు వాళ్ళకు వచ్చీపోయే పెద్దలకు చూపించడానికి ఒక ఇల్లు కావలసివచ్చింది. ఖాళీ ఇల్లు చూపిస్తే గోడలు తప్ప ఏమీ కనిపించవు. మనుషులుండి, పొయ్యి వెలుగుతూ, బట్టలు ఆరుతూ ఉన్న ఇల్లు కావాలి. ఇన్‌స్పెక్టరు ఒక్కో అంతస్తూ తిరిగి తిరిగి చివరికి ఈమె గుమ్మంలో ఆగిపోయాడు. గిన్నెలు సైజుల వారీగా బోర్లించి ఉన్నాయి. పిల్లల పుస్తకాలు అట్టలేసి పేర్చి ఉన్నాయి. నేల మీద అద్దంలో లాగా అతని నీడ కనిపించింది. "ఇదేనమ్మా మాకు కావాల్సింది" అన్నాడు. ఆఫీసు ఖర్చుతో కిటికీలకు కొత్త పరదాలు వచ్చాయి. ఆమె ఆ రోజంతా నేల మీద నడవలేదంటే నమ్మాలి.

అంత సంబరం ఎందుకంటే, ఆమె పుట్టి పెరిగిన ఇళ్ళ సంగతి చెప్పాలి.

ఆమె చిన్నతనంలో వాళ్ళ వాళ్ళందరూ కాలువ గట్టు మీద రేకుల పాకల్లో ఉండేవారు. ఒక ఎండాకాలం ఆ పాకలన్నీ తగలబడిపోయాయి. బూడిద ఆరకముందే ఆఫీసు వాళ్ళు అక్కడే నాలుగంతస్తుల బ్లాకులు లేపారు. తలదాచుకోవడానికి ఎంతమందికి, ఎంత తొందరగా చోటు చూపించగలం అన్నదొక్కటే ఆ రోజు ప్లాను గీసినవాళ్ళ ఆలోచన. గదికి వీపు ఆనించి ఇంకో గది, మధ్యలో ఒకటే గోడ. అందుకని వెనక కిటికీ అన్న మాటే లేదు. కుటుంబానికో గది. పొయ్యి బయట నడవాలో. కుళాయిలూ, మరుగుదొడ్లూ అంతస్తు మొత్తానికీ కలిపి మధ్యలో. పొద్దున్నే బకెట్టు పట్టుకుని క్యూలో నిలబడి, ముందున్న మగవాళ్ళ వీపులు చూడలేక తల దించుకోవడం ఆ పిల్లకు పలక పట్టినప్పటి నుంచీ అలవాటు.

పెద్దయ్యాక చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పనికి చేరింది. తోటి ఆడపిల్లలకు తాను పోస్టాఫీసు వెనక వీధిలో ఉంటానని చెప్పుకుంది. సాయంత్రం ఒక స్టాపు ముందే దిగి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు నడిచి ఇంటికి పోయేది. ఒకసారి స్నేహితురాలొకతె "మీ ఇల్లు చూస్తాను పద" అని తనతో పాటే దిగిపోయింది. ఇక చేసేది లేక ఆమె ఎవరిదో తెలియని గేటు ముందు నిలబడి, సంచిలో తాళం వెతుకుతున్నట్టు నటించింది. ఇంట్లోంచి ఒక పెద్దమనిషి బయటికొచ్చి "ఎవరమ్మా కావాలి?" అన్నాడు. స్నేహితురాలు మర్నాటి నుంచి అన్నం వేరే వాళ్ళతో కూర్చుని తింది.

పెళ్ళయ్యాక, బస్సు కండక్టరైన భర్తకు ఈ పదంతస్తుల బిల్డింగులో ఇల్లు వచ్చింది. సొంత తలుపు, సొంత కుళాయి, సొంత స్నానాల గది. ఇంట్లో దిగిన మొదటి రోజు ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, స్నానమూ చేయకుండా, ఏమీ చేయకుండా ఊరికే కూర్చుంది. బయట నుంచి ఎవరూ తలుపు కొట్టలేదు.

కొన్నేళ్ళకు పాత బ్లాకులు పడగొట్టడం మొదలైంది. అక్కడ ఒంటరిగా ఉంటున్న అత్తగారు కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆవిడ పేము కుర్చీలకు అడుగు అల్లేది. ట్రంకు పెట్టె ఒకటి, పేము నార మోపు ఒకటి, అల్లే సూది ఒకటి, అదీ ఆవిడ సామాను. మంచి మనిషి. కోడల్ని "అమ్మాయ్" అని తప్ప ఇంకో మాట పెట్టి పిలిచి ఎరగదు.

చిక్కల్లా చోటు దగ్గరే వచ్చింది. ఆ ఇంటిని నలుగురి కోసం గీశారు. ఆఫీసులో గోడకు తగిలించిన ప్లానులో కూడా ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు, వాళ్ళ మంచాలతో సహా, సిరాతో గీసి ఉంటారు. వంటగది ఎంత సన్నమంటే ఒకరు గరిట తిప్పుతుంటే రెండోవాళ్ళు పక్కకి తిరిగి పోవాలి. కాళ్ళు బారజాపి పని చేసుకునే మనిషికి ఉన్నది ఒక్క గుమ్మమే. అత్తగారు సగం ఇంట్లో, సగం కారిడారులో కూర్చునేది. పక్కన నార నానేసిన బకెట్టు. పోయేవాళ్ళు ఆవిడ కాళ్ళు దాటుకుంటూ, రెండు మాటలాడుకుంటూ పోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఉంది. అతను గట్టిగా ఏమీ అనలేదు. బకెట్టు వైపు చూసి, "ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తున్నారమ్మా. ఫొటోలు తీస్తారు. ప్లానులో నలుగురే కదా..." అని మాట అక్కడే వదిలేశాడు. వదిలేసిన మాటను ఆమె ఏరుకుంది.

"అత్తయ్యా, ఎవరో చూడ్డానికి వస్తారట. ఒక్క గంట అటు ఎక్కడైనా కూర్చుంటారా?"

"దానికేం అమ్మాయ్" అని అత్తగారు నార చుట్టుకుని, సగం అల్లిన కుర్చీ చంకన పెట్టుకుని లేచింది.

ఎక్కడికి పోతుంది? ఆ బిల్డింగులో లిఫ్టు అన్ని అంతస్తులకూ ఆగదు. ప్రతి అంతస్తుకూ తలుపు పెడితే ఖర్చని కొన్నింటికే పెట్టారు. వాళ్ళ అంతస్తు వాళ్ళు లిఫ్టెక్కాలంటే కొంత దిగాలి. అరిగిన మోకాళ్ళతో కిందిదాకా పోలేక అత్తగారు మెట్ల మలుపులో కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక వచ్చి, "అక్కడ గాలి బాగా వస్తోంది" అంది. ఆ మాటను కోడలు కళ్ళకద్దుకున్నంత పని చేసింది. మొదటిసారి గంట కోసం పంపింది. తర్వాత ఎవరు వచ్చినా పంపింది. పక్కింటి టైలరు భార్య అడక్కుండానే, "మా అత్తయ్యకు ఆ మెట్ల దగ్గర గాలి ఇష్టం" అని చెప్పేది. భర్తకు ఇదేమీ తెలియదు. వచ్చేవాళ్ళు పగలొచ్చేవారు, ఆయన పగలంతా బస్సులో. తల్లి చెప్పే మనిషి కాదు.

అలా ఉండగా వేరే దేశాల నుంచి బిల్డింగులు కట్టేవాళ్ళు కొందరు చూడ్డానికొచ్చారు. వాళ్ళతో పాటు ఆ బిల్డింగు గీసిన డిజైనరు కూడా వచ్చింది. పొట్టి జుట్టు, భుజాన గుడ్డ సంచి, వేళ్ళకు సిరా మరకలు. కారిడారులో అందరూ ఆవిణ్ణి "గీతలమ్మ" అనుకునేవారు. పొడవాటి కారిడార్లు ఎందుకు పెట్టారంటే, అవి గాలిలో వీధుల్లాంటివని, జనం నేల మీద వీధిలో మెలిగినట్టే వాటిలో మెలగాలని ఆవిడే అందట.

ఆ రోజు పొద్దున లిఫ్టు పాడైంది. ఆ సంగతి ఈమెకు తెలియదు. పరదాలు సర్ది, పిల్లల్ని బడికి, అత్తగారిని మెట్ల దగ్గరికి పంపి, మంచి బట్టలు కట్టుకుని లిఫ్టు వైపు చెవులు పెట్టుకుని కూర్చుంది. బూట్ల చప్పుడు మెట్ల వైపు నుంచి వచ్చింది. ఆమె గబగబా బయటికొచ్చింది.

మెట్ల మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది. కారిడారు రెయిలింగు దగ్గర నిలబడితే మాటలు వినిపించాయి.

"కుర్చీ అల్లుతున్నారా అమ్మా? ఎంత బాగుందో. మీది ఏ ఇల్లు?" గీతలమ్మ గొంతు.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకోవడం వినిపించింది. మెట్ల మీదున్నది ఎవరో అతనికి బాగా తెలుసు.

"ఇక్కడ కాదమ్మా" అంది అత్తగారు. "పని మీద వచ్చాను. మాది పాత బ్లాకులు."

"పాత బ్లాకులా! అయితే మీరు ఈ ఇల్లు చూడాల్సిందే. రండి, మాతో పాటు రండి."

"ఎందుకులే అమ్మా నాకు..."

"రండమ్మా, నా చెయ్యి పట్టుకోండి."

అలా అత్తగారు తన ఇంటికి తానే చుట్టపు చూపుగా వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఒక పక్కకి జరిపి పెట్టింది. ఎవరింటికో వెళ్ళినప్పుడు పెట్టే పద్ధతిలో పెట్టింది.

"ఈవిడ కూడా చూస్తారండీ. మీకేం అభ్యంతరం లేదుగా?" అంది గీతలమ్మ.

ఇప్పుడు చెప్పేయాలి. "మా అత్తగారండీ" అన్న రెండు మాటలు. నాలుక చివరి దాకా వచ్చాయి. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు. కెమెరా మనిషి కెమెరా తీస్తున్నాడు. చొక్కాల ఫ్యాక్టరీ రోజుల నుంచీ మోసుకొచ్చిన భయమే గెలిచింది.

"లోపలికి రండమ్మా" అంది అత్తగారితో. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు.

"ఇల్లు బాగుందమ్మా" అంది అత్తగారు చుట్టూ చూసి. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నావు. పిల్లలెంతమంది?"

"ఇద్దరండీ."

"చల్లగా ఉండాలి."

గీతలమ్మ వచ్చినవాళ్ళకు గాలి ఎటు నుంచి ఎటు పోతుందో, పొగ ఏ కిటికీలోంచి బయటపడుతుందో చెబుతోంది. అత్తగారు కూడా శ్రద్ధగా తలాడిస్తూ వింది. అలమర తలుపు తీసి చూపిస్తే అందులో మడిచి పెట్టిన తన దుప్పటిని తానే కొత్తగా చూసింది. కోడలు మంచినీళ్ళిస్తే నిలబడి తాగింది. గ్లాసు ఎక్కడ పెట్టాలమ్మా అని అడిగింది.

"మీకు ఇలాంటి ఇల్లే వచ్చిందనుకోండి, ఎక్కడ కూర్చుని కుర్చీలల్లుతారు?" అని అడిగింది గీతలమ్మ.

అత్తగారు మంచం వైపు చూసింది, వంటగది వైపు చూసింది, గుమ్మం వైపు చూడలేదు. "నాకేం తల్లీ. మెట్లున్నాయిగా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం ఆవగింజంత కూడా లేదు. అది ఉన్నా బాగుండేదని కోడలికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఫొటో తీసే మనిషి "పెద్దమ్మా, కొంచెం పక్కకి" అన్నాడు. ఆవిడ వెంటనే జరిగింది. ఎంత జరిగితే ఫొటోలో పడదో ఆవిడకు తెలిసినట్టే ఉంది.

అందరూ వెళ్ళిపోతుంటే పక్కింటి గుమ్మంలో టైలరు భార్య నిలబడి ఉంది. అన్నిటికీ ఏదో ఒక చమత్కారం అతికించే ఆ మనిషి ఆ రోజు ఊరికే చూసి, లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు నమూనాకు తల కొట్టేసినట్టయింది.

అత్తగారు కూడా వాళ్ళతోనే బయటపడి, మళ్ళీ మెట్ల దగ్గరే కూర్చుంది. కోడలు దిగి వెళ్ళింది.

"అత్తయ్యా, ఇంటికి రండి."

"వెళ్ళిపోయారా అందరూ? మెచ్చుకున్నారా?"

ఆమె మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. అత్తగారు సూది పక్కన పెట్టింది.

"ఏడుస్తావెందుకు? ఇక్కడ కాదని అన్నది నేను కదా. నీకు పదిమందిలో మాట రాకూడదని అలా అనేశాను. అంతే. లే, ఈ కుర్చీ అందుకో."

ఆ సాయంత్రం భర్త రాగానే ఆమే చెప్పింది. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ విప్పుతూ ఆగాడు. "మెట్ల మీదా?" అన్నాడు. తర్వాత, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. తిట్టలేదు, కేకలెయ్యలేదు. తల్లి పక్కన కింద కూర్చుని అన్నం తిన్నాడు. చాలా రోజులు భార్యతో అవసరమైన మాటే మాట్లాడాడు. ఆయన రెండు దెబ్బలు వేసినా కొంత బరువు దిగేదని ఆమె అనుకుంది.

కొద్ది వారాలకు గీతలమ్మ ఒంటరిగా వచ్చింది. ఈసారి అత్తగారు గుమ్మంలోనే ఉంది. కోడలు ముందే లేచి నిలబడి, "మా అత్తగారండీ. ఆ రోజు..." అని మొదలుపెట్టింది.

"తెలుసమ్మా. ఆ రోజే తెలిసింది" అంది గీతలమ్మ. "వంటగది స్విచ్చి తలుపు వెనకాల ఉంది. ఎవరొచ్చినా గోడంతా తడుముతారు, అక్కడ పెట్టినందుకు నన్ను తిడతారు. ఆ రోజు ఈవిడ చూడకుండానే చెయ్యి పెట్టి దీపం వేశారు."

ఆమెకు ఎక్కడ చూడాలో తెలియలేదు. అంటే ఇన్‌స్పెక్టరుకే కాదు, గీతలమ్మకూ తెలుసు. తెలిసి అందరూ నటించారు.

"తెలిసి కూడా ఊరుకున్నాను. మీ మొహం చూస్తే నోరు రాలేదు" అంది గీతలమ్మ, సంచి పట్టీ మెలిపెడుతూ. "ఆవిణ్ణి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది నేను. ఆ ప్లానులో నలుగుర్ని గీసిందీ నేనే. కొలతలు పైవాళ్ళు ఇచ్చారని చెప్పుకోవచ్చు, ఇచ్చారు కూడా. కానీ మా అమ్మ నాతోనే ఉంటుంది. ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో నేనెప్పుడూ గీయలేదు."

అత్తగారు ఈ గొడవేమీ పట్టనట్టు, "నిలబడే ఉన్నావు, కూర్చో తల్లీ" అని కాళ్ళు ముడుచుకుంది. ఆవిడ జరిగితే గుమ్మంలో ఇంకొకరికి చోటొచ్చింది. గీతలమ్మ కూర్చుని, పడుకునేటప్పుడు ఎవరెక్కడ పడుకుంటారని అడిగింది. కోడలు పట్టపగలు పరుపులూ చాపలూ అన్నీ పరిచి చూపించింది. అవి పరిచాక నిలబడ్డానికి చోటు లేదు. ముగ్గురూ గుమ్మంలోంచే చూశారు.

తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఆమె "ఇక మా ఇల్లు చూపించకండి" అంది. అతను బతిమాలలేదు, బహుశా అతనికీ అదే కావాలి. పరదాలు విప్పించి మడత పెట్టి తీసుకుపోయాడు. పేరు మాత్రం ఆమెకే మిగిలింది.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండును. కానీ అత్తగారికి అలవాటైపోయింది. కారిడారులో కొత్త బూట్ల చప్పుడు వినపడిందంటే చాలు, నార చుట్టుకుని లేచేది. మీటరు చూసేవాడు వచ్చినా లేచేది, సొంత చుట్టాలొచ్చినా లేచేది. "ఎక్కడికత్తయ్యా, కూర్చోండి" అంటే, "కాళ్ళు పట్టేశాయమ్మాయ్, నాలుగడుగులు వేసొస్తాను" అనేది. ఆ నాలుగడుగులూ మెట్ల మలుపు దాకా ఉండేవి.

కోడలు చేయని ప్రయత్నం లేదు. వచ్చిన ప్రతివాడికీ, గ్యాసు బండ తెచ్చినవాడికి కూడా, "ఈవిడ మా అత్తగారు" అని గట్టిగా చెప్పేది. వాడు బండ భుజం మీద మోస్తూ "అలాగానండీ" అనేవాడు. పని లేనప్పుడు తానూ గుమ్మంలో చేరి అల్లిక నేర్చుకుంది. ఆమె అల్లినది అత్తగారు మారుమాట్లాడకుండా విప్పి మళ్ళీ అల్లేది. అన్నేళ్ళూ ఇద్దరూ మంచి స్నేహంగానే ఉన్నారు. ఆ ఒక్క సంగతి మాత్రం మళ్ళీ ఎత్తితే అత్తగారు మాట మార్చేది.

పిల్లలు హైస్కూలుకు వచ్చేసరికి కాలువకు అవతల కొత్త టవర్లు లేచాయి. వాటిలో పొడవాటి కారిడార్లు లేవు. అంతస్తుకు నాలుగే తలుపులు, వాటి మధ్య చిన్న వసారా. లిఫ్టు అన్ని అంతస్తులకూ ఆగుతుంది. వంటగదిలో ఇద్దరు పడతారు. ఇల్లిచ్చేటప్పుడు ఇంట్లో ఎంతమంది అని అడిగారు, ముసలివాళ్ళున్నారా అని కూడా అడిగారు. ప్రతి తలుపు పక్కనా గోడలోకి కొంచెం లోతు ఇచ్చి, సిమెంటుతో వెడల్పాటి అరుగు పోశారు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, పక్కన బకెట్టు పెట్టుకోవచ్చు. ఎవరూ దాటుకు పోనక్కర్లేదు.

వీళ్ళకూ ఒక ఇల్లు వచ్చింది. అత్తగారు అరుగు మీద కూర్చుని, అరచేత్తో సిమెంటు నిమిరి, "నున్నగా ఉంది" అంది. కోడలికి కడుపు నిండినట్టయింది. అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని ఎదురింటివాళ్ళు సామానుతో దిగారు. అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది. కోడలు ఖాళీ అరుగు పక్కన నిలబడి, కొత్తవాళ్ళు పలకరిస్తే ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

అత్తగారు ఆ ఇంట్లో చాలా ఏళ్ళే బతికింది. చివరికి మంచం పట్టి, ఎవరు వచ్చినా లేవలేని స్థితిలో, కొడుకూ కోడలూ పక్కనుండగా పోయింది.

మొన్నామధ్య కాలేజీ పిల్లలు టేపులు పట్టుకుని టవర్లోకి వచ్చారు. ఊళ్ళో ఇళ్ళ కట్టుబడి ఎలా మారుతూ వచ్చిందో చదువుతున్నారట. పాత బ్లాకుల్లో, పదంతస్తుల బిల్డింగులో, ఈ టవర్లో, మూడింట్లోనూ ఉన్న మనిషి ఈవిడేనని ఎవరో చెబితే ఆమె దగ్గరికి వచ్చారు. ఆమెకు ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. ఓపిగ్గా అన్నీ చూపించింది. ఒకమ్మాయి అరుగు కొలుస్తూ, "ఇది వాడుకలో పనికొచ్చిందా అమ్మా? మీ ఇంట్లో ఎవరు కూర్చునేవారు?" అని అడిగింది.

"మా అత్తగారు" అంది ఆమె.

"రోజూ కూర్చునేవారా?"

ఆమె చెంగుతో అరుగు మీది దుమ్ము తుడిచింది.

"ఎవరూ రానప్పుడు కూర్చునేవారు" అంది.